ముగింపు మరీ బాగుంది

బాబాయికి,

పిడుగు నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ పిన్ని క్షేమమని, నువ్వు మాత్రం ఇంకా రాత్రంతా ఇంటికి కాపలా కాస్తున్నావని పిన్ని కార్డు వల్ల తెలిసింది. రిటైరై ఏడాది దాటింది కదా బాబాయ్, ఇంకా ఏ రైలు కోసం కూర్చుంటున్నావు?

సరే, మెలకువగా ఉన్నవాడికే పని అప్పజెప్పాలి కాబట్టి నీకు అప్పజెబుతున్నాను. ఈ ఉత్తరంతో పాటు ఒక కట్ట వస్తుంది. అందులో ఏడు పిల్లల పుస్తకాలున్నాయి. అచ్చయినవి కావు, మా ఆఫీసులో టైపు చేసి కుట్టినవి. దేనికీ రెండో ప్రతి లేదు, జాగ్రత్త. ఈసారి ఈ ఏడింటిలో ఒక్కదాన్నే అచ్చు వేస్తారట. "మనవాళ్ళను అడిగితే ఒకరికొకరు భజన చేసుకుంటారు. పుస్తకాలతో ఏ సంబంధమూ లేని మనిషి, మొహమాటం లేకుండా నిజం చెప్పేవాడు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు మా పెద్దాయన, అంటే మా సంపాదకుడు. నేను వెంటనే నీ సంగతి చెప్పాను.

రోజుకొకటి చొప్పున వారం రోజులు చదివి, ఉన్నదున్నట్టు రాయి. రచయితల పేర్లు తీసేశాం. అన్నింటికీ ఒకే ఖాకీ కాగితం అట్ట వేశాం.

ఇంకో సంగతి. ఇది పెద్దాయనకు కూడా తెలియదు. ఆ ఏడింటిలో ఒకటి నాది. ఏదో చెప్పను, చెబితే నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకుంటావు. రెండేళ్ళుగా కుస్తీ పడుతున్నాను బాబాయ్. అది బాగుందో లేదో నాకు నిజంగా తెలియడం లేదు. దాని గురించి నాకొక అనుమానం ఉంది, అదేమిటో కూడా చెప్పను. నువ్వు బాగాలేదంటే ఇక రాయడం మానేసి, ఇతరుల పుస్తకాల్లో తప్పులు దిద్దుకుంటూ బతికేస్తాను. కాబట్టి ఎవరి మీదా జాలి చూపించకు.

ఇట్లు,
నీ పిడుగు

తా.క.: ఇంట్లో ఫోను ఉంటే ఈ తంటా ఉండేది కాదు. "జీవితమంతా కేబిన్‌లో గంటలూ ఫోన్లూ విన్నాను, కొంపలో కూడా ఆ మోతేనా" అంటావని తెలుసు. పొద్దున పోస్టులో వేస్తే మర్నాటికి అందుతోంది కదా, అదే పదివేలు.

*

చిరంజీవి పిడుగుకు,

బాబాయ్ దీవెనలు. కట్ట భద్రంగా చేరింది. పుస్తకాలతో ఏ సంబంధమూ లేని మనిషినని మీ పెద్దాయనకు నన్ను పరిచయం చేసినందుకు సంతోషం. సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగినవాణ్ణి, నేను చదివిన పెద్ద పుస్తకం రైల్వే టైంటేబులే. అందులో కథ లేకపోయినా పాత్రలు బోలెడు. ఒక్కటీ చెప్పిన సమయానికి వచ్చేది కాదు.

ఇక అభిప్రాయాలు. మొదటిది కుందేలు రైలు నడిపే పుస్తకం. కుందేలు రైలు నడపడం మీద నాకు అభ్యంతరం లేదు. కుందేలుకున్న బుద్ధి కూడా లేని డ్రైవర్లను చూశాను. కానీ ఈ కుందేలు ఎర్ర సిగ్నల్ చూసి "నాకు తొందర" అంటూ దాటేస్తుంది! అవతలి స్టేషన్‌లో అందరూ చేరి దండ వేస్తారు! సస్పెండ్ చేయాల్సిందిపోయి సన్మానమా? ఇది చదివిన పిల్లలు పెద్దయ్యాక రైల్వేలో చేరితే మాత్రం నేను రైలెక్కను.

రెండోది ఏడ్చే మేఘం. పేజీకో నీతి చెబుతుంది. సగానికి వచ్చేసరికి నాకు మేఘం మీద జాలి పోయి, చదవబోయే పిల్లల మీద జాలి పుట్టింది. వానొస్తే ఆరేసిన బట్టలు తీయాలన్న పనికొచ్చే నీతి ఒక్కటే అందులో లేదని మీ పిన్ని అభిప్రాయం.

మూడోది కూరగాయల లెక్కల పాట. ఆరు వంకాయలు షికారుకు వెళ్ళి ఏడు తిరిగొచ్చాయి. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. ఏడోది కూరగాయలవాడు కొసరు వేసి ఉంటాడని మీ పిన్ని సర్దిచెప్పింది గానీ, పుస్తకంలో కూరగాయలవాడే లేడు.

వీటిలో ఏదైనా నీదైతే క్షమించు. కాదులే, క్షమించొద్దు. అడిగింది నువ్వే.

ఇట్లు,
గుడ్లగూబ బాబాయ్

తా.క.: సంతకం చూసి నవ్వకు. ముప్ఫై ఏళ్ళు రాత్రి డ్యూటీ చేసి ఒక్కనాడూ కునుకు తీయని మనిషికి కేబిన్ వాళ్ళిచ్చిన బిరుదు అది. నా నిద్ర సంగతి కూడా రాయమంటోంది మీ పిన్ని. లేనిదాని గురించి ఏం రాయను?

*

బాబాయికి,

నమస్కారాలు. ఆ మూడింటిలో ఏదీ నాది కాదు! నీ ఉత్తరం చదివాక ప్రాణం లేచొచ్చింది. మేఘాన్ని ఉతికి ఆరేశావు చూడు, అది నాదైతే ఈపాటికి ఉద్యోగం మానేసి మీ ఇంటికి వచ్చేసేదాన్ని.

పెద్దాయన నీ ఉత్తరాన్ని ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడు. కుందేలు దగ్గర మాత్రం ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అది రాసింది ఆయన బావమరిదట. ఆ తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువగా నవ్వాడు. "ఎన్నాళ్ళ నుంచో నేను అనలేని మాట అన్నాడమ్మా మీ బాబాయ్" అన్నాడు.

పెదవి విరిచింది ఒక్కరే, మా టైపు చేసే ఆయన. ఏ కథ ఇచ్చినా "ఇందులో ఒక పులి పడితే ఇంకోలా ఉండేది" అనడం ఆయనకు అలవాటు. అమ్మమ్మ మీద వ్యాసమిచ్చినా అదే మాట. మనిషి మంచివాడు, పులి పిచ్చి తప్ప ఏ లోపమూ లేదు.

మిగతా నాలుగూ ఎప్పుడు? గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇట్లు,
పిడుగు

తా.క.: పెద్దాయన నిన్ను చూడాలంటున్నాడు. బావమరిదికి కనపడకుండా.

*

చిరంజీవి పిడుగుకు,

దీవెనలు. నాలుగోది గూడ్సు బండి పుస్తకం. బాగుంది. ఇందులోనూ రైలే గానీ రైల్వే తప్పు ఒక్కటీ దొరకలేదు. ముగింపు మరీ బాగుంది.

అయిదోది పళ్ళు తోముకోని మొసలి కథ. మొసలి చివరికి పళ్ళు తోముకుంటుంది. ఎవరు తోమించారు, ఎలా తోమించారు అన్నదే కదా కథ? ఆ ఒక్కటీ రాయలేదు. "ఒకరోజు తోముకుంది" అని తేల్చేశారు. మా రైల్వే విచారణ నివేదికలు ఇలాగే ఉండేవి.

ఆరోది అలిగిన రాజకుమారి. ఎందుకు అలిగిందో ఆమెకూ తెలియదు, రాసినవాళ్ళకూ తెలియదు. అందరూ వరసగా వచ్చి బతిమాలతారు. నేనైతే భోజనం అక్కడ పెట్టేసి నా పని చూసుకునేవాణ్ణి.

ఏడోదాని నిండా పిల్లల ప్రశ్నలే. ఆకాశం ఎందుకు నీలంగా ఉంది, చేపలకు దాహం వేస్తుందా, ఇలాంటివి. ప్రశ్నలు అద్భుతం. జవాబుల దగ్గరే మోసం జరిగింది. సగానికి పైగా "పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అని ఉంది. నేను పెద్దయ్యాను, రిటైరయ్యాను కూడా. చేపల సంగతి ఇంతవరకూ తెలియలేదు.

ఇట్లు,
గుడ్లగూబ బాబాయ్

తా.క.: అమ్మాయీ, ఇది పిన్ని రాస్తున్నది. మీ బాబాయ్ కవరు అంటించబోతుంటే లాక్కున్నాను. నిన్న మధ్యాహ్నం పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఇద్దరమూ ఇంట్లోనే ఉన్నాం. ఎలా జరిగిందని నన్ను అడగొద్దు, ఆయన్ను అసలే అడగొద్దు.

*

బాబాయికి,

గూడ్సు బండి నాది! నాదే! నీ నాలుగు మాటలూ చదివి కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. రైల్వే తప్పు ఒక్కటీ లేదని నువ్వన్నావంటే అది నాకు డిగ్రీ పట్టాతో సమానం.

కానీ బాబాయ్, "ముగింపు మరీ బాగుంది" అన్నావు. ఏ ముగింపు? అందులో నీకు ఏం నచ్చింది? పెద్దాయనకు కూడా అదే సందేహం. "ఆరు పుస్తకాలను చీల్చి చెండాడిన మనిషి దీన్ని ఇంత ముక్తసరిగా వదిలేశాడేమిటి? ముగింపు నిజంగా అంత బాగుంటే దీన్నే వేద్దాం. వివరంగా రాయమనండి" అన్నాడు. అది నాదని ఆయనకు కూడా చెప్పేశాను, నా మొహం చూసి ఆయనే పట్టేశాడులే.

కాబట్టి ఆ ముగింపు సంగతి పూసగుచ్చినట్టు రాయి. ఆయనకంటే నాకే ఎక్కువ అవసరం.

ఇట్లు,
కాలు నిలవని పిడుగు

తా.క.: పిన్నీ, పాలు ఎలా పొంగాయి?

*

చిరంజీవి పిడుగుకు,

దీవెనలు. అది నీదా! మనింట్లో ఇన్నాళ్ళకు ఒకరు పుస్తకం రాశారని పొద్దున్నుంచి కనపడినవాడికల్లా చెబుతున్నాను. పోస్టుమ్యాన్‌కు రెండుసార్లు చెప్పానట.

ముగింపు అడిగావు. చెబుతాను, చెప్పకేం. మంచు కమ్ముకుంటుంది. గూడ్సు బండి వంపు తిరుగుతుంది. చూస్తే పట్టాల మీద పులి! డ్రైవరుకు కనపడదు. కేబిన్‌లో మనిషికి కనపడుతుంది. ఆ కేబిన్ మనిషి ఎంతటివాడమ్మా! మెట్లు కూడా దిగకుండా కిందికి దూకి, ఎర్ర లాంతరు పట్టుకుని ఎదురు పరిగెత్తుతాడు. లాంతరు చూసి బండి ఆగుతుంది. పులి కూడా ఆగుతుంది. నాకు కళ్ళు చెమర్చింది అక్కడే. అడవి జంతువై ఉండి కూడా ఎర్ర సిగ్నల్‌ను గౌరవించింది, ఆ కుందేలు దీని దగ్గర ట్రైనింగ్ తీసుకోవాలి. తర్వాత పెద్ద అధికారులు వచ్చి కేబిన్ మనిషికి పతకమిచ్చి, పులిని గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో పెడతారు. ఇంతకంటే మంచి ముగింపు ఏ పుస్తకంలోనైనా ఉందా?

ఇదే నా నిజాయితీ గల అభిప్రాయం. మీ పెద్దాయనకు చూపించు.

ఇట్లు,
గుడ్లగూబ బాబాయ్

తా.క.: పులి సంగతి ముందే బయటపెట్టొద్దని పెద్దాయనకు చెప్పు. చదివేవాళ్ళకు ఆశ్చర్యం ఉండాలి.

*

బాబాయ్!

నమస్కారాలు గట్రా తర్వాత. పులి ఎక్కడిది?

నా పుస్తకంలో పులి లేదు. కేబిన్ మనిషి ఉన్నమాట నిజమే. మంచు కూడా ఉంది. పులి మాత్రం లేదు! నీ ఉత్తరం ముందుగా చదువుకోకుండా నేరుగా పెద్దాయనకు వినిపించడం మొదలుపెట్టాను. "పట్టాల మీద పులి" అన్న మాట దగ్గర ఆఫీసులో టైపు చప్పుడు ఆగిపోయింది. అందరి తలలూ ఒక్కసారి టైపు చేసే ఆయన వైపు తిరిగాయి.

ఆయన లబలబలాడాడు. "నేను కామా కూడా చేర్చలేదు, పులిని ఎందుకు చేరుస్తాను?" అన్నాడు. ఎవరు నమ్ముతారు చెప్పు? ఇన్నాళ్ళూ ప్రతి కథలో పులి అడిగిన మనిషాయె. పెద్దాయన "రచయిత రాతలో వేలు పెట్టినవాడికి ఇక్కడ చోటు లేదు" అని గట్టిగా అన్నాడు. టైపు చేసే ఆయన సొరుగు ఖాళీ చేసుకుని, టీ కప్పును కాగితంలో చుట్టుకున్నాడు. "ఈ ఆఫీసులో పులికీ మర్యాద లేదు, నాకూ లేదు" అన్నాడు. ఇంటికి వెళ్ళలేదు, మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్ళి పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అచ్చు పనంతా ఆగిపోయింది. నీ దగ్గరున్న ప్రతిలోనే నిజం ఉంది. ఉత్తరం అందగానే దాన్ని పంపించు. నా పుస్తకం చివర్లో పులి దూరడానికి వీలుందని నాకొక్కదానికే తెలుసు. అందుకే అందరికంటే నాకే భయంగా ఉంది.

పిడుగు

తా.క.: పతకం కూడా లేదు బాబాయ్.

*

చిరంజీవి పిడుగుకు,

దీవెనలు. ఈ ఉత్తరంతోనే పుస్తకమూ పంపుతున్నాను. ముందు ఆ మెట్ల మీది మనిషిని లోపలికి పిలు. పులి మీ ఆఫీసులో పుట్టలేదు, మా ఇంట్లో పుట్టింది. దాన్ని కన్నది నేనే.

నీ పుస్తకం నేను పూర్తి చేయలేదమ్మా. చూసింది ఆరో పేజీ దాకానే. అది కూడా ఒక్కసారిలో కాదు.

మొదటిరోజు కాఫీ తాగి కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. బండి కదిలింది. ఒక్కో పెట్టె పేరూ చదువుతున్నాను, బొగ్గు పెట్టె, బియ్యం పెట్టె, ఉప్పు పెట్టె, చక్రాల చప్పుడు. కళ్ళు తెరిచేసరికి భోజనాల వేళయింది. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. మర్నాడు మీ పిన్నిని పైకి చదవమన్నాను. ఆమె చదువుతూ, నేను వింటూ. పాల సంగతి నీకు తెలిసిందే.

ఇక ఇంట్లో లాభం లేదని మంగలి షాపుకు పట్టుకెళ్ళాను. రేడియో, కత్తెర చప్పుడు, కబుర్లు, అక్కడ నిద్రపోవడం ఎవరి తరం? నిలబడి మరీ పైకి చదివాను. ముందు కుర్చీలో ఉన్నాయన సబ్బు నురగతోనే తల వాల్చాడు. బెంచీ మీదివాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు ఒరిగారు. మంగలి అద్దానికి ఆనుకున్నాడు, అదృష్టం కొద్దీ కత్తి అప్పటికే కింద పెట్టాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. అప్పుడే క్షవరానికి వచ్చిన బస్సు కండక్టర్ విజిల్ వేసి అందరినీ లేపాడు. కుర్చీలో ఆయన సగం గడ్డంతోనే ఆఫీసుకు పరిగెత్తాడు. ఉక్కపోత వల్ల అలా అయిందని చెప్పి బయటపడ్డాను.

చివరి పేజీ తిప్పి చూస్తే సరిపోయేది కదా అంటోంది మీ పిన్ని. మధ్య స్టేషన్లు దాటకుండా చివరి స్టేషన్‌కు చేరిన బండిని నేను ఎప్పుడూ చూడలేదు. అలా చేయడానికి చేతులు రాలేదు.

ముప్ఫై ఏళ్ళు రెప్పవాల్చని మనిషిని పిల్లల పుస్తకం పడుకోబెట్టిందంటే ఏం మిగిలింది నాకు? ఆ సిగ్గుతో మొదట అబద్ధం రాశాను. అది నీదని తెలిశాక ఇంకా పెద్ద అబద్ధం రాశాను. నీ పుస్తకానికి నిద్రపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? విసుగు పుట్టి కాదు తల్లీ, ఒట్టు. ప్రతిసారీ చివరిదాకా చదవాలనే కూర్చుంటాను. ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది. ఇందులో లోపమేదైనా ఉంటే నాదే. రాయడం మాత్రం మానకు. టైపు చేసే ఆయనకు విడిగా క్షమాపణ ఉత్తరం పెట్టాను.

ఇట్లు,
ఇక గుడ్లగూబ అనడానికి అర్హత లేని
నీ బాబాయ్

తా.క.: అమ్మాయీ, పిన్నిని. ఆ పుస్తకం తెరిచినప్పటి నుంచి ఈయన రాత్రిళ్ళు కూడా పసిపిల్లాడిలా పడుకుంటున్నారు. రిటైరయ్యాక ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఇప్పుడు దాన్ని వెనక్కి పంపాలంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టుంది. ఇంకో ప్రతి టైపు చేయించి పంపగలవా? ఆ టైపు చేసే మనిషి ఇంకా కోపంగా ఉంటే కోపం తగ్గాకే చేయించు.

*

బాబాయికి, పిన్నికి,

పిడుగు సాష్టాంగ నమస్కారాలు. హమ్మయ్య! ఈ ఒక్క మాటా పేజీ నిండా రాయాలనుంది.

నీ ఉత్తరం చదివి ముందు పరిగెత్తింది మెట్ల దగ్గరికే, ఈ రెండు రోజులూ ఆయన ఆఫీసు వేళకు వచ్చి అక్కడే కూర్చుంటున్నాడు. టైపు చేసే ఆయన మళ్ళీ లోపలికొచ్చి కప్పు మీది కాగితం విప్పాడు. పెద్దాయన అందరి ముందూ తప్పయిందన్నాడు. నేను ఆయనకు రోజూ టీ తెచ్చిస్తానని మాటిచ్చాను. నీ క్షమాపణ ఉత్తరం ఆయన జేబులోనే ఉంది. "కథలో పులి ఎలా ప్రవేశించాలో ఈయనకు తెలుసు" అని అందరికీ చూపిస్తున్నాడు.

ఇప్పుడు నా సంగతి విను. నువ్వు చివరి పేజీ తిప్పి ఉంటే ఈ గొడవంతా అక్కడే ఆగిపోయేది. అక్కడ ఏమీ లేదు బాబాయ్. ఖాళీ కాగితాలు. ముగింపు నేను రాయనేలేదు.

రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మొదటినుంచి చదువుకునేదాన్ని, బల్ల మీదే నిద్రపోయేదాన్ని. రెండేళ్ళుగా ఇదే వరస. రాసినదానికే నిద్రొస్తే ఇక చదివేవాళ్ళ గతేమిటని నా అనుమానం. ఇంకా ఆలస్యమైతే అవకాశం పోతుందని, ఉన్నంతవరకు కునికిపాట్ల మధ్య నేనే టైపు చేసి, ఖాళీ పేజీలతోనే టైపు చేసే ఆయన చేత కుట్టించి కట్టలో పెట్టాను. ముగింపు బాగుందని నువ్వు రాసినప్పుడు నాకు మతిపోయింది. ఖాళీ పేజీల్లో ఎవరైనా ఏదైనా టైపు చేయొచ్చు కదా, అందుకే పులి అనగానే పాపం ఆయన్ను అనుమానించాను.

ఇదంతా పెద్దాయనకు చెప్పేశాను. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని "నేను చదువుతాను. ఆఫీసులో నిద్రపోవడం నా చరిత్రలో లేదు" అన్నాడు. ఏడో పేజీ దాటలేదు. ఆయన్ను కలవడానికి వచ్చినవాళ్ళు బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. టైపు చేసే ఆయనే వెళ్ళి మెల్లగా కళ్ళజోడు తీసి సొరుగులో పెట్టాడు. లేచాక పెద్దాయన ఒళ్ళు విరుచుకుని "దీన్నే వేస్తున్నాం. ఇంట్లో పసిపిల్లలున్న వాళ్ళెవరూ దీన్ని కొనకుండా ఉండలేరు. ఇదిగో అమ్మాయ్, ముగింపు రాశావో, ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. ఈ పుస్తకానికి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉంటుందా? ఉంది. నీ ఉత్తరం.

ఒక్కటే బాధ. నువ్వు ఆరో పేజీ దగ్గరే ఆగిపోయావు. పదకొండో పేజీలో నువ్వున్నావు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నన్ను మీ ఇంట్లో ఉంచారు, గుర్తుందా? నేను పడుకోకుండా ఏడుస్తుంటే నువ్వు నన్ను డ్యూటీకి తీసుకెళ్ళి లీవర్ల పక్కన నీ కోటు పరిచావు. గూడ్సు బండ్లు పోతుంటే పెట్టెల పేర్లు చెప్పేవాడివి. బొగ్గు పెట్టె, బియ్యం పెట్టె, ఉప్పు పెట్టె. బాబాయ్ మేలుకునే ఉన్నాడు కదా, ఇక నాకేం భయం అనుకుని పడుకునేదాన్ని. ఆ పుస్తకంలో ఉన్నదంతా అదే. ఇన్నాళ్ళూ అందరి కోసం మేలుకున్నావు, ఇక నువ్వు హాయిగా పడుకో బాబాయ్. నీ బిరుదు ఎక్కడికీ పోదు, పుస్తకం మొదటి పేజీలో "గుడ్లగూబ బాబాయికి" అని వేయిస్తున్నాను. అది ఆరో పేజీకి ముందే వస్తుంది కాబట్టి నువ్వు తప్పకుండా చూస్తావు.

ఇట్లు,
మీ పిడుగు

తా.క. 1: టైపు చేసే ఆయన ఒక్క షరతు పెట్టాడు, కాదనలేకపోయాను. గూడ్సు బండి చివరి పెట్టె మీద ఒక పులిని ఎక్కించాం. నిద్రపోతూ ఉంటుంది. "ఉందిగా, అది చాలు" అన్నాడు.

తా.క. 2: పిన్నీ, రెండో ప్రతి పంపుతున్నాను. దీన్ని టైపు చేయడానికి ఆయనకు మూడు పూటలు పట్టింది, మధ్యలో ఎవరో ఒకరం లేపుతూ ఉన్నాం. స్టవ్ ఆర్పేసి మొదలుపెట్టండి.